ఉసిరి చెట్టు లేని ఊళ్ళో వనభోజనాలు పెట్టే పెద్దలకి ఒక బహిరంగ లేఖ

అట్లాంటా చుట్టుపక్కల తెలుగు సంఘాల కమిటీ పెద్దలకి, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకి, ఇంకా కార్తీక వనభోజనాల ఫ్లయర్ ఎవరు చేస్తారో వాళ్ళకి,

నమస్కారం అండి. ఈ ఏడాది వనభోజనాల గురించి గ్రూపులో అప్పుడే మాటలు మొదలయ్యాయి కాబట్టి ఫ్లయర్ ఫైనల్ అవ్వకముందే నా మాట చెప్పేద్దామని రాస్తున్నా. లెటర్ పెద్దదే. అంత ఓపిక లేనివాళ్ళు చివర్లో నేను అడిగేది ఎక్కడుందో చూసుకుని అదొక్కటే చదివినా ఏమీ అనుకోను.

పోయిన కార్తీకంలో లేక్ లేనియర్ పక్కన పెవిలియన్ తీసుకున్నాం గుర్తుందా, ఫ్లయర్ మీద ఇంత పెద్ద ఉసిరి చెట్టు బొమ్మ. ఇక్కడి చలికి ఉసిరి ఎక్కడ బతుకుతుంది, ఒకావిడ గరాజ్‌లో పెంచుకుంటున్న కుండీ మొక్క తెస్తానన్నారు, తీరా చూస్తే అది ఆకులన్నీ రాల్చేసిందట, ఆఖరికి ఇండియన్ స్టోర్ నుంచి ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్ తెచ్చి పళ్ళెంలో పోసి ఓక్ చెట్టు మొదట్లో పెట్టి, పసుపు కుంకుమ వేసి దీపం పెట్టాం. పంతులు గారు సంకల్పం చెప్పేలోపు కాయలు కరిగి పళ్ళెం నిండా నీళ్ళు. నేనేం వెక్కిరించట్లేదండి, నేనూ దణ్ణం పెట్టాను, ఆ రోజు పులిహోర చేసి తెచ్చింది కూడా నేనే. కానీ ఇంటికొచ్చే దారంతా ఒకటే ఆలోచన, చెట్టు కింద కూర్చుని అన్నం తినడమే పండగగా ఉన్నవాళ్ళం, మనం ఉంటున్న చోటికి ఓ అయిదు గంటల డ్రైవ్‌లో ఒక చెట్టు జాతికి జాతే పోతోంది, మనలో దాని పేరు విన్నవాళ్ళు ఎంతమంది? నేనే రెండేళ్ళ కిందటిదాకా వినలేదు.

టొరేయా దాని పేరు. ఫ్లోరిడా టొరేయా అంటారు, సైన్స్ పేరు టొరేయా టాక్సిఫోలియా. పైన్, సీడర్, ఫర్ అంటూ సూదుల్లాంటి ఆకుల చెట్లు ఉంటాయే, కోనిఫర్లు, ఆ బాపతు. సొంతంగా అడవిలో పెరిగేది ప్రపంచం మొత్తానికి ఒక్క చోటే, ఫ్లోరిడా పాన్‌హ్యాండిల్‌లో, అంటే ఆ స్టేట్‌కి వాయవ్యాన పొడుగ్గా సాగిన ముక్కలో, అపలాచికోలా నది గట్ల మీద, ఆ గట్లని కోసుకుంటూ వచ్చే లోతైన వాగుల్లో, కాస్తంత మాత్రం బోర్డర్ దాటి జార్జియా డెకేటర్ కౌంటీలోకి. డెకేటర్ అంటే మనం సరుకులకి వెళ్ళే డెకేటర్ కాదు, అది ఇక్కడి ఊరు, ఇది ఫ్లోరిడా బోర్డర్ మీద కౌంటీ. ఏదైనా జార్జియానే కదా, మన స్టేట్ చెట్టు అన్నట్టే.

నాకెలా తెలిసిందో చెప్తా. మా పాపకి సెవెంత్ గ్రేడ్‌లో అంతరించిపోతున్న జీవుల మీద ప్రాజెక్ట్ ఇచ్చారు, క్లాసులో పిల్లలందరూ పాండాలూ పులులూ ముందే తీసేసుకుంటే మా మొద్దుది ఆలస్యంగా చెయ్యెత్తి లిస్టులో మిగిలిపోయిన ఈ చెట్టుని తెచ్చుకుంది. ఒకటే ఏడుపు, చెట్టు మీద ఏం రాస్తాం, చెట్టు ఏం చేస్తుంది నిలబడ్డం తప్ప అని. అప్పుడే మా అమ్మానాన్న విజిట్‌కి వచ్చి ఉన్నారు, స్ప్రింగ్ బ్రేక్‌కి అందరం పనామా సిటీ బీచ్ వెళ్ళాం, తిరిగొచ్చేటప్పుడు ఎలాగూ దారే కదా అని టొరేయా స్టేట్ పార్క్‌కి తిప్పాం. దారేం కాదు, చాలానే చుట్టు. పైగా ఆ నది దాటితే టైమ్ జోన్ మారిపోతుంది, అవతలి ఒడ్డు సెంట్రల్, ఇవతలి ఒడ్డు ఈస్టర్న్, పార్కులో ఉన్నంతసేపూ మా ఫోన్లు ఒక గంట ముందుకీ వెనక్కీ ఊగుతానే ఉన్నాయి, అమ్మకి మాత్రల టైమ్ ఏదో తెలీక పెద్ద గొడవ.

ఫ్లోరిడా అంటే బల్లపరుపుగా ఉంటుందనుకుంటాం కదా, అక్కడ మాత్రం నది మీద 150 అడుగుల ఎత్తు గట్లు, కిందకి దిగేకొద్దీ చల్లగా చీకటిగా వాగులు, ఫ్లోరిడాలో ఉన్నట్టే అనిపించదు. 1930ల్లో గవర్నమెంట్ ఉపాధి పథకం కింద కుర్రాళ్ళు వేసిన దారులు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. పార్కుకే ఆ చెట్టు పేరు పెట్టారంటే ఎలా ఉంటుందో అని నేను ఆకాశంకేసి చూస్తూ నడుస్తున్నా. రేంజర్ అమ్మాయిని అడిగితే తీసుకెళ్ళి చూపించింది. చుట్టూ ఇనప వల కంచె, లోపల నా నడుమెత్తు మొక్క ఒకటి, కొన్ని కొమ్మలు పచ్చగా, ఒక కొమ్మ ఎండి ఎర్రగా.

మా నాన్న చుట్టూ తిరిగి చూసి, "ఇదేటమ్మా, మొక్కని జైల్లో ఏసినారు?" అన్నాడు.

కంచె జింకల కోసమట. మగ జింకలు కొమ్ములు రాపాడించుకోడానికి సరిగ్గా ఈ సైజు కాండాలే వెతుక్కుంటాయట, ఒక్కసారి రాసినా బెరడు లేచిపోతుంది. నాన్న అదంతా వింటూనే మోకాళ్ళ మీద కూర్చుని వలలోంచి మొదలు చూసి, ఇది మొక్క కాదమ్మా, మోడు, మోడు చిగురేసింది అన్నాడు. రేంజర్‌కి ఇంగ్లీషులో చెప్తే అవునంది, కింద వేరు ఎన్ని ఏళ్ళదో, పైన కాండం చచ్చిపోతుంది, మళ్ళీ మొదట్లోంచి పిలక వేస్తుంది, ఆ పిలక కాయ కాసే వయసు రాకముందే మళ్ళీ చస్తుంది, మళ్ళీ వేస్తుంది. ఇలాగే డెబ్భై ఎనభై ఏళ్ళుగా. ఒకప్పుడు 40, 60 అడుగులు పెరిగే చెట్టు అది.

మా నాన్న సంగతి చెప్పాలి మీకు, లేకపోతే ఆయనకి ఇవన్నీ ఎలా తెలుసని అనుకుంటారు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఉద్దానం అనగానే అందరికీ కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది, మాకు మాత్రం కొబ్బరి, జీడి, పనస. నాన్నకి చదువు పెద్దగా లేదు కానీ చెట్టుకి జబ్బు చేస్తే మనిషికి చేసినట్టే చూస్తాడు. ఈ తెగులు ఏంటని అడిగాడు, రేంజర్ చెప్పిందాన్ని బట్టీ, ఇంటికొచ్చాక పాప ప్రాజెక్ట్ పేరుతో నేను రాత్రిళ్ళు చదివిందాన్ని బట్టీ సంగతి ఇదీ.

1938 ప్రాంతంలో చెట్లు ఎండటం మొదట కనిపించింది, 1950లు, 60లు వచ్చేసరికి పెద్ద చెట్టు అన్నది దాదాపు లేదు. అంతకు ముందు ఎన్ని ఉండేవంటే మూడు లక్షల పైనే అని కొందరి లెక్క, ఆరు లక్షల పైనే అని ఇంకొందరి లెక్క, ఇప్పుడు అడవిలో వెయ్యిలోపు, అవీ మా పాప ఎత్తు మొక్కలు. నూటికి 98 పైన పోయినట్టు. 1984 జనవరిలో అమెరికా గవర్నమెంట్ ఎండేంజర్డ్ లిస్టులో పెట్టింది, 1986లో దీన్ని బతికించే ప్లాన్ రాశారు, ప్రపంచ స్థాయిలో రెడ్ లిస్టు వేసే ఐయూసీఎన్ వాళ్ళు దీనికిచ్చిన ర్యాంకు క్రిటికల్లీ ఎండేంజర్డ్, దాని తర్వాత మెట్టు ఇక అడవిలో లేదు అన్నదే. ర్యాంకులంటే మనకి మహా పిచ్చి కదా, ఈ ర్యాంకు మాత్రం ఎవరికీ వద్దు.

కానీ లిస్టులో పెట్టడం అంటే ఏంటో నాకు అప్పటిదాకా తెలీదు. జంతువునైతే ఎవడి స్థలంలో ఉన్నా చంపకూడదు. మొక్కకి ఆ రక్షణ లేదు, ఫెడరల్ భూమిలో ఉంటే పీకకూడదు, ప్రైవేట్ స్థలంలో ఉంటే స్టేట్ చట్టం ఏమంటే అది. ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కి అమ్మాలంటే పర్మిట్ కావాలి, ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది. ఇంకా పెద్ద తమాషా ఏంటంటే ఈ చెట్టుకి గొడ్డలితో పెద్దగా పని లేకుండా పోయింది, ఒకప్పుడు కంచె గుంజలకీ పైకప్పు పలకలకీ స్టీమర్ బోట్లలో కట్టెలకీ నరికారు నిజమే, క్రిస్మస్ చెట్లుగా కూడా కొట్టుకెళ్ళారు, 1950ల్లో జిమ్ ఉడ్రఫ్ డ్యామ్ కట్టి లేక్ సెమినోల్ నింపినప్పుడు కొంత చోటు మునిగింది కూడా, కానీ లక్షల చెట్లని పడగొట్టింది జబ్బు. జబ్బుకి చట్టం ఏం చేస్తుంది? లిస్టులో ఉన్న నలభై ఏళ్ళూ అది ఎండుతూనే ఉంది.

ఆ జబ్బు ఏదో కూడా డెబ్భై ఏళ్ళు తేల్చలేకపోయారండి. వాతావరణం అన్నారు, నేల అన్నారు, రకరకాల బూజుల మీద అనుమానపడ్డారు. 2011లో యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా వాళ్ళు ఇది ఫ్యుజేరియం జాతి ఫంగస్, అదీ అంతకు ముందు ఎవరూ చూడని కొత్త రకం అని తేల్చారు, 2013లో దానికి ఫ్యుజేరియం టొరేయే అని పేరు కూడా పెట్టారు. కాండం మీద బెరడు పుండు పడుతుంది, ఆ పుండు చుట్టూ తిరిగొస్తే పైభాగం ఎండిపోతుంది. నాన్నకి ఇది చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనూరి కిడ్నీ జబ్బులాగే అన్నమాట, మనుషులు పోతానే ఉంటారు, ఏటివల్లో చెప్పీవాడు ఉండడు" అన్నాడు. పోనీలే, దీనికి ఇప్పటికైనా పేరు దొరికింది.

ఇంకో సంగతి, ఇది నేను ఎంతమందికి చెప్పినా నమ్మరు, తారీకులు మీరే చూసుకోండి. 2018 అక్టోబర్ 10న మధ్యాహ్నం మైకేల్ హరికేన్ మెక్సికో బీచ్ దగ్గర ఒడ్డు తాకింది. ముందు కేటగిరీ 4 అన్నారు, ఆ తర్వాత 2019లో లెక్కలు మళ్ళీ చూసి కేటగిరీ 5 అని తేల్చారు. అది తిన్నగా లోపలికొచ్చి ఈ టొరేయా వాగుల మీదుగా పోయింది, పైన గొడుగులా ఉన్న పెద్ద చెట్లన్నీ కూలి కింద నీడలో బతికే ఈ మొక్కల మీద పడ్డాయి, పడకుండా మిగిలినవి ఒక్కసారిగా ఎండలో నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడే, కొన్ని గంటల తేడాలో, ఇండియాలో 11వ తారీకు తెల్లారేసరికి, తిత్లీ తుఫాను పలాస దగ్గర ఒడ్డు దాటింది. మా తోట పోయింది. దసరా రోజులు. నేనిక్కడ ఒక ఫోన్లో మైకేల్ న్యూస్ చూస్తూ ఇంకో ఫోన్లో నాన్నకి ట్రై చేస్తున్నా, రెండు రోజులు లైన్ కలవలేదు, కలిశాక నాన్న అన్న మొదటి మాట, "మనుషులం బాగున్నాం, కొబ్బరి చెట్టు ఒక్కటి నిలబడ్లేదు."

అందుకే పార్కులో వేళ్ళు పైకి లేచి పడున్న పెద్ద మానులు అయిదేళ్ళు అవుతున్నా అలాగే ఉంటే నాన్న ఏం అడగలేదు. అర్థమైపోయింది ఆయనకి.

కొబ్బరి పోతే మేం మళ్ళీ వేశాం, మొక్కకి నర్సరీ ఉంది, గవర్నమెంట్ పరిహారం అంతో ఇంతో వచ్చింది. టొరేయాకి ఆ సుఖం లేదు. తాటికి పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టు ఇందులోనూ మగ చెట్టు వేరు ఆడ చెట్టు వేరు, రెండూ పెద్దయి దగ్గర్లో ఉంటేనే కాయ. కాయ పండటానికే రెండేళ్ళు, చూడటానికి రేగు పండులా ఉంటుందిట, లోపలి గింజ మన జాజికాయలా ఉంటుంది, కాలిఫోర్నియాలో ఉండే దీని అక్కచెల్లెలి పేరే కాలిఫోర్నియా నట్‌మెగ్. రాలిన గింజని ఉడత వదిలిపెడితే కదా, అది మొలవడానికి మళ్ళీ ఏడాదో రెండేళ్ళో. సరే గింజలు దాచుకోవచ్చు కదా, సీడ్ బ్యాంకులు ఉన్నాయి కదా అంటారా, నేనూ అదే అన్నా. నాన్నని అడగండి. పనస పిక్క ఎండబెట్టి వచ్చే ఏడు పాతితే మొలుస్తుందా? మామిడి టెంక మొలుస్తుందా? వడ్లు, కందులు ఎండేకొద్దీ నిలవుంటాయి, పనస పిక్క ఎండితే చచ్చినట్టే. టొరేయా కూడా ఆ కోవే, ఎండబెట్టి ఫ్రీజర్లో పెట్టే పద్ధతి దీని దగ్గర పనిచెయ్యదు.

ఇక్కడే మన ఊరి వాళ్ళ పనితనం ఉంది. డిసెంబర్‌లో లైట్లు చూడ్డానికి మిడ్‌టౌన్‌లో బొటానికల్ గార్డెన్‌కి పిల్లల్ని తీసుకుని ఎగబడి పోతాం కదా, టికెట్ రేటు గురించి గ్రూపులో ప్రతి ఏడూ ఏడుస్తాం కదా, ఆ అట్లాంటా బొటానికల్ గార్డెన్ వాళ్ళే ఈ చెట్టుకి పెద్ద దిక్కు. 1990 ప్రాంతం నుంచీ అడవి చెట్ల కొమ్మ ముక్కలు తెచ్చి వేళ్ళు పుట్టించి, ఏ మొక్క ఏ వాగుది అని లెక్క రాసి పెంచుతున్నారు, నార్త్ జార్జియాలో స్మిత్‌గాల్ వుడ్స్‌లో కూడా నాటారు, హరికేన్ తర్వాత కూలిన మానుల కింద పాక్కుంటూ వెళ్ళి మిగిలినవాటిని వెతికి కొమ్మలు కోసుకొచ్చిందీ వాళ్ళే. జార్జియా టెక్ వాళ్ళతో కలిసి 2012 నాటికి ఒక పద్ధతి కనిపెట్టారు, గింజలోని పిండాన్ని ల్యాబులో ఒకటికి వందలు చేసి, వాటిని లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల్లో దాచి, మళ్ళీ బయటికి తీసి మొక్క చెయ్యడం. జార్జియా టెక్‌లో ఎమ్మెస్ చేసినవాళ్ళు మన గ్రూపులోనే ఓ పాతికమంది ఉంటారు, ఆ బిల్డింగుల పక్కనే ఇది జరిగిందని ఎవరికైనా తెలుసా? నాకు తెలిసినాయన ఒకాయన్ని అడిగితే "అవునా" అని క్రికెట్ స్కోర్ చూసుకున్నారు.

ఇప్పుడు అసలు తగువులోకి వస్తా. కనెక్ట్ అయ్యేది ఇక్కడే, మీలో కొందరు నా మీద కోప్పడేది కూడా ఇక్కడే.

ఈ చెట్టు అసలు అక్కడిది కాదేమో అని ఒక వాదన ఉంది. మంచు యుగంలో చలికి తట్టుకోలేక అపలాచియన్ కొండల వైపు నుంచి కిందకి దిగి ఆ చల్లటి వాగుల్లో తలదాచుకుంది, చలి తగ్గాక తిరిగి పైకి ఎక్కలేకపోయింది, ఇప్పుడు వేడెక్కిపోతున్న ఫ్లోరిడాలో ఇరుక్కుపోయింది అంటారు. దానికి రుజువుగా చూపించేది ఎక్కడో కాదు, నార్త్ కరోలినా కొండల్లో ఆషెవిల్ అనే ఊళ్ళో బిల్ట్‌మోర్ ఎస్టేట్. అక్కడ ట్యులిప్స్ ముందు పట్టుచీరల్లో ఫొటో దిగని అట్లాంటా తెలుగు ఫ్యామిలీ ఉందా? ఆ ఎస్టేట్ తోటలు చూసిన చాన్సీ బీడిల్ అనే ఆయన 1939 ప్రాంతంలో నాటిన టొరేయాలు ఆ చలిలో పెరిగి కాయలు కూడా కాశాయి. ఇది పట్టుకునే టొరేయా గార్డియన్స్ అని కొందరు మామూలు జనం, సైంటిస్టుల అనుమతి కోసం ఆగకుండా, 2008లో నార్త్ కరోలినాలో వేన్స్‌విల్ దగ్గర ప్రైవేట్ స్థలంలో 31 మొక్కలు నాటేశారు. ఇందాక చెప్పానే, మొక్కల చట్టం ప్రైవేట్ స్థలంలో వదులు అని, అందుకే అది తప్పు కాలేదు. సైంటిస్టుల్లో చాలామంది తల పట్టుకున్నారు. వాళ్ళ భయం ఆ ఫంగస్ మొక్కలతోపాటు పైకి పాకితే అక్కడున్న ఫర్, హెమ్‌లాక్, స్ప్రూస్ చెట్ల గతేంటని. ఇప్పటికీ ఈ తగువు తెగలేదు.

మొదట చదివినప్పుడు నాకు ఆ నాటేసినవాళ్ళదే కరెక్ట్ అనిపించింది. ఊరు వదిలి చల్లటి చోటికి వచ్చి బాగుపడ్డ చెట్టు అంటే ఎన్నారైలకి ముద్దొస్తుంది కదా, మా ఆయన అయితే "దానికి హెచ్1బి ఇప్పిద్దాం" అని జోకు కూడా వేశారు, గ్రూపులో పెడితే నూట పది లైకులు. కానీ నాన్న నవ్వలేదు. మీ తోటలో తెగులు పడ్డ మొక్క తీసుకెళ్ళి పక్కోడి తోటలో పెడతావా అన్నాడు. అదీ మాటే. ఇప్పుడు నా అభిప్రాయం ఏంటంటే, పైకి తీసుకెళ్ళాలి, తీసుకెళ్ళకపోతే ఇది బతకదు, కానీ ఏ గింజ ఏ చెట్టుదో, జబ్బు ఉందో లేదో చూసి పంపించేవాళ్ళ చేతుల మీదుగా వెళ్ళాలి. పైగా ఒక్క చోట పెట్టి మురిసిపోకూడదు, 2024లో హెలీన్ హరికేన్ వచ్చి ఆషెవిల్‌ని ఎలా ముంచిందో చూశాం, కొండల మీద కదా సేఫ్ అనుకున్న ఊరు అది.

అందర్నీ ఒకే పడవ ఎక్కించకూడదు అంటారే, ఈ చెట్టుని బయటి ప్రపంచానికి మొదట చూపించిన హార్డీ క్రూమ్ కథ అదే. 1830ల్లో ఆ గట్ల మీద తిరిగి ఇది కొత్త చెట్టు అని గుర్తుపట్టి, జాన్ టొరే అనే పెద్ద వృక్షశాస్త్రవేత్త పేరు దీనికి రావడానికి కారణమైన మనిషి, 1837లో భార్యనీ ముగ్గురు పిల్లల్నీ తీసుకుని హోమ్ అనే స్టీమర్ ఎక్కితే నార్త్ కరోలినా ఒడ్డున తుఫాన్లో అది ముక్కలైపోయి మొత్తం కుటుంబం పోయింది. 1838లో చెట్టు పేరు అచ్చులో వచ్చేసరికి చూసుకోడానికి ఆయన లేడు.

ఆ టొరేయా వాగుల వైపు దీనికి ఇంకో కథ కూడా ఉంది, ఇది నాన్నకి బాగా నచ్చింది. బ్రిస్టల్ అనే ఊళ్ళో కాల్వే అనే పెద్దాయన, బైబిల్‌లో చెప్పిన ఏదెను తోట ఇదే, నోవహు ఓడ కట్టిన గోఫర్ చెక్క ఈ టొరేయానే అని ప్రచారం చేశాడు, ఇప్పటికీ అక్కడ ఒక నడక దారికి గార్డెన్ ఆఫ్ ఈడెన్ ట్రైల్ అని పేరుంది. నాన్న విని, "మన దేశంలోనే అనుకున్నాను, ఇక్కడా ఊరికో స్థలపురాణం ఉందన్నమాట" అన్నాడు. పేర్లకేం తక్కువ లేదు, ఆకు నలిపితే ఘాటు వాసనొస్తుందని స్టింకింగ్ సీడర్ అని కూడా అంటారు. ఆ వాసన ఎలా ఉంటుందో నన్నడక్కండి, ఉన్నవే నాలుగు ఆకులు, వాసన కోసం నలపబుద్ధి కాలేదు.

సరే, ఏం చెయ్యమంటావ్ అంటారు కదా.

ఈసారి కార్తీక వనభోజనాల ఫ్లయర్ మీద ఉసిరి పక్కన టొరేయా బొమ్మ పెట్టండి. ప్లేటుకి ఎంత పెడితే అంతలోంచి ఒక డాలర్ తీసి బొటానికల్ గార్డెన్ వాళ్ళ కన్సర్వేషన్ పనికి సంఘం పేరు మీద పంపించండి, ఎంతిచ్చామో స్టేజి మీద చెప్పుకుందాం, షాలువా కూడా కప్పుకుందాం, నాకేం అభ్యంతరం లేదు. రాఫిల్ లాటరీ టికెట్లకీ డీజేకీ అయ్యే ఖర్చు ముందు అది ఎంత. డబ్బు కన్నా నాకు ఇంకా ముఖ్యం, గార్డెన్ నుంచి ఆ పని చేసేవాళ్ళని ఒకరిని పిలిచి భోజనాలకి ముందు పదిహేను నిమిషాలు మాట్లాడించండి, మన పిల్లలు అర్థం చేసుకుంటారు, మనం పులిహోర వాసన చూస్తూ అయినా కూర్చుంటాం. వాలంటీర్ పని ఏమైనా ఉంటే వాళ్ళనే అడుగుదాం.

బ్లూ రిడ్జ్, ఎలిజే వైపు కొండల్లో కేబిన్లు కొని అద్దెకి తిప్పుతున్నవాళ్ళు మనలో తక్కువేం లేరు. మీ స్థలంలో ఉత్తరం వైపు నీడ వాలు, కింద వాగు ఉంటే దాని విలువ మీకు తెలీకపోవచ్చు. దయచేసి ఆన్‌లైన్‌లో ఎక్కడో వేరే స్టేట్ నుంచి మొక్క ఆర్డర్ చేసేసి పాతెయ్యకండి, పర్మిట్ సంగతి ఇందాకే చెప్పాను, జబ్బు సంగతి అంతకన్నా ముందే చెప్పాను. గార్డెన్‌కి ఒక మెయిల్ పెట్టి, మా దగ్గర ఇలాంటి చోటు ఉంది, మీకు పనికొస్తుందా అని అడగండి. వద్దంటే ఊరుకోండి. పార్కుకి వెళ్ళినవాళ్ళు ఆకు తుంచొద్దు, గింజ కనిపించినా జేబులో వేసుకోవద్దు, తులసి మొక్క సూట్‌కేసులో తెచ్చినంత ఈజీగా ఇది తెచ్చేద్దాం అనుకోవద్దు.

గ్రూపులో ఇదే విషయం రెండు ముక్కలు పెడితే ఒకాయన, ముందు మన శేషాచలంలో ఎర్రచందనం సంగతి చూడండి, అమెరికా చెట్లు అమెరికావాళ్ళు చూసుకుంటారు అన్నారు. అయ్యా, ఎర్రచందనం కోసం మీరు ఏదైనా మొదలుపెట్టండి, మొదటి చెక్కు నాదే. కానీ పాతికేళ్ళుగా ఇక్కడ ఉంటూ, ఇక్కడి స్కూళ్ళలో పిల్లల్ని చదివించుకుంటూ, ఇక్కడ చెరువు పక్కన వనభోజనం తింటూ, వనం మాత్రం ఎవరో అమెరికావాళ్ళది అంటే ఎలా అండి. మన సబ్‌డివిజన్లలో ఇంటి వెనక కంచెలాగా వరసగా పెడతామే లేలాండ్ సైప్రస్‌లు, అవి బెరడు జబ్బుతో ఒక్కొక్కటీ ఎర్రబడి ఎండుతుంటే హెచ్‌ఓఏ, అదే ఇళ్ళవాళ్ళ సంఘం, మీటింగుల్లో ఎంత గోల చేస్తామో నేను చూశాను. వాటికైతే నర్సరీలో కావలసినన్ని ఉన్నాయి.

పాప ప్రాజెక్ట్‌కి బి ప్లస్ వచ్చింది. బోర్డు మీద కంచెలో ఉన్న మొక్క ఫొటో, పక్కన కొబ్బరి తోట కూలిన ఫొటో పెట్టింది, రెండోది టాపిక్‌కి సంబంధం లేదని మార్కులు తగ్గించారట. నేను టీచర్‌కి మెయిల్ రాద్దామనుకుని మళ్ళీ మానేశా.

నాన్న ఉద్దానం వెళ్ళిపోయి చాలా రోజులైంది. వీడియో కాల్ చేస్తే తిత్లీ తర్వాత వేసిన కొబ్బరి మొక్కలు చూపిస్తాడు, ఇప్పుడు మనిషి కన్నా ఎత్తు. పోయిన వారం ఫోన్ పెట్టేసేముందు, "అమ్మా, ఆ జైల్లో మొక్క ఎలాగుంది?" అని అడిగాడు. నాకేం తెలుసు, మేమూ మళ్ళీ వెళ్ళింది లేదు. అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున్నే అయిదింటికి బయల్దేరి చూసి రాత్రికి వచ్చేద్దామనుకుంటున్నాం. మా వ్యాన్‌లో మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి. కమిటీలోంచి ఎవరైనా వస్తానంటే నాకు మెసేజ్ పెట్టండి, దారిలోకి పులిహోర, దద్దోజనం నేను చేస్తాను.

ఇట్లు,
కమ్మింగ్ నుంచి మీ సభ్యురాలు, ఉద్దానం ఆడపడుచు